విశ్వవిద్యాలయాల దివాలా, ఆడపిల్లల చదువు

ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద అన్నోజిగూడ స్టాపులో పొద్దున ఏడున్నరకు నిలబడితే ఈ ముప్పై ఏళ్ళలో ఉన్నత విద్యకు ఏం జరిగిందో అరగంటలో కళ్ళకు కడుతుంది. నగరం వైపు నుంచి ఘట్‌కేసర్ దిక్కుగా ప్రైవేటు విద్యాసంస్థల బస్సులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఒంటి మీద సంస్థ పేరు, లోపల ఎవరి సీట్లో వాళ్ళు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఎదురు దిక్కున ఉప్పల్, సికింద్రాబాద్ వెళ్ళే ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే పాతికమంది ఆడపిల్లలు తోసుకుని ఎక్కుతారు. తార్నాకకో, కోఠీకో, ప్రభుత్వ కాలేజీకో వెళ్ళాల్సినవాళ్ళు. వెంకటాపూర్‌లోని ప్రైవేటు విశ్వవిద్యాలయం వీళ్ళ ఇళ్ళకు కూతవేటు దూరం. ఉస్మానియా దాదాపు 15 కిలోమీటర్లు. దగ్గరున్న చదువును వదిలి దూరమున్న చదువు కోసం వీళ్ళెందుకు పోతున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

పోచారం దగ్గర రాజీవ్ గృహకల్ప ఇళ్ళల్లో ఒక తల్లితో మాట్లాడినప్పుడు ఆమె అన్నమాట ఇది: “పిలగానికి అప్పుజేసి బి.టెక్ ల చేర్పిచ్చినం అక్కా. పిల్లకు సర్కారు దాంట్ల సీటొస్తె చదివిస్తం. హాస్టలు గిట్ల దొరకకపోతె ఇగ ఇంట్ల ఎన్నొద్దులు కూసోవెడ్తం? సంబంధం జూడాల్నాయె.” ఆమె కూతురి మీద ప్రేమ లేని తల్లి కాదు. ఉన్న ఒక్క అప్పునూ ఎవరి పేరున తేవాలో లెక్కవేసుకున్న తల్లి. ఇలాంటి లెక్కలు మన సంఘాల్లో పనిచేసేవాళ్ళకు కొత్త కాదు. తిండిలో, వైద్యంలో, ఆస్తిలో చూశాం. ఇప్పుడు విశ్వవిద్యాలయం గేటు దగ్గర చూస్తున్నాం. కొడుక్కి ప్రైవేటు, ప్రభుత్వం అని రెండు దారులున్నాయి. కూతురికి ఉన్నది ఒకటే. ఆ ఒక్క దారీ మూసుకుపోతే దాన్ని విద్యాశాఖ సమస్యగా మాత్రమే చూసి ఊరుకోవడం మనకు తగదు.

అది మూసుకుపోతున్న మాట నిజం. తెలంగాణలో 2016 నుంచి డిగ్రీ ప్రవేశాలు దోస్త్ ద్వారా జరుగుతున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో అందులో పెట్టిన సీట్లలో దాదాపు సగం నిండటం లేదు. జిల్లా విశ్వవిద్యాలయాల పి.జి. శాఖల్లో, ముఖ్యంగా తెలుగు, చరిత్ర, ఆర్థికశాస్త్రం, ప్రభుత్వ పాలన వంటి వాటిలో, తరగతి గదిలో పిల్లల్ని వేళ్ళ మీద లెక్కపెట్టే పరిస్థితి. ఏటా ప్రవేశాలు ముగియగానే అధికారుల నోట వచ్చే మాట ఒకటే: గిరాకీ లేదు, గిరాకీ లేని కోర్సుకు డబ్బెందుకు?

ఈ వాదనకు ఇప్పుడు కొత్త బలం కూడా దొరుకుతోంది. అమెరికాలో, జపానులో చిన్న పట్టణాల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విద్యార్థులు లేక శాఖలు మూసుకుంటున్నాయి, అక్కడ పుట్టేవాళ్ళే తగ్గారు, మన దగ్గరా అదే మొదలైంది అంటున్నారు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం స్త్రీకి సగటు సంతానం తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 అన్నమాట నిజమే. కానీ అదే సర్వే ఇంకో అంకె కూడా చెప్పింది. 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయిపోయినవాళ్ళు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. ప్రతి నలుగురిలో ఒకరు డిగ్రీ గడప దాకా రాకుండానే అత్తారింటి గడప ఎక్కుతున్న చోట పిల్లలు చాలక సీట్లు మిగులుతున్నాయని ఎలా అంటాం? జపానులో ఖాళీ సీటుకు మనిషి లేడు. మన దగ్గర మనిషి ఉంది, సీటు దాకా రానివ్వటం లేదు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం తెలియక చేసే పని అనుకోలేను.

అసలు విశ్వవిద్యాలయం తన ఖర్చు తానే సంపాదించుకోవాలన్న మాట ఎప్పుడు మొదలైంది? 1991 ఆర్థిక విధానాల తరువాత యు.జి.సి. వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ 1993లో నివేదిక ఇచ్చింది. విశ్వవిద్యాలయాలు తమ నిర్వహణ ఖర్చులో అయిదేళ్ళలో 15 శాతం, పదేళ్ళలో 25 శాతం సొంతంగా సమకూర్చుకోవాలని సూచించింది. కోటిపల్లి పున్నయ్య శ్రీకాకుళం జిల్లా దళిత కుటుంబం నుంచి వచ్చిన న్యాయమూర్తి. తరువాతి కాలంలో ఎస్.సి., ఎస్.టి.లపై అత్యాచారాల మీద ఏకసభ్య కమిషన్‌గా ఆయన ఇచ్చిన నివేదికను మనలో చాలామంది ఉద్యమాల్లో వాడుకున్నాం. ఆయన నివేదికల్లో ప్రభుత్వాలు అన్నిటికన్నా శ్రద్ధగా చదువుకున్నది మాత్రం ఆ 25 శాతం ఉన్న పేజీనే. కేంద్ర విశ్వవిద్యాలయాల గురించి చెప్పినదాన్ని రాష్ట్రాలు కూడా కళ్ళకద్దుకున్నాయి. ప్రభుత్వం సాయం తగ్గించదన్న నమ్మకం మీద చేసిన సూచనను సాయం తగ్గించటానికి సాకుగా చేసుకున్నాయి. 1997లో సంపూర్ణ మద్యనిషేధం ఎత్తేసినప్పుడు కూడా ఖజానా ఖాళీ అనే చెప్పారు. దూబగుంట ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుని తెచ్చుకున్న నిషేధం అది. ఖజానాకు మద్యం డబ్బు తిరిగొచ్చింది, విశ్వవిద్యాలయాలకు గ్రాంటు మాత్రం తిరిగి రాలేదు.

ఈ గ్రాంటు సంగతి కొంచెం వివరంగా తెలుసుకోవాలి. ఎందుకంటే బడ్జెట్ పుస్తకం చూసి ‘పెంచారు కదా’ అని మనమే మోసపోతుంటాం. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఇచ్చేది బ్లాకు గ్రాంటు. జీతాలు, పింఛన్లు రెండూ అందులోంచే పోవాలి. ఏటా అధ్యాపకులు రిటైరవుతారు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను తీసుకోరు. అంటే పాఠం చెప్పేవాళ్ళు తగ్గుతూ, పింఛను తీసుకునేవాళ్ళు పెరుగుతూ పోతారు. (పింఛను వాళ్ళ హక్కు. దాన్ని భారం అనే భాష నాకు గిట్టదు. కానీ దాన్ని విశ్వవిద్యాలయం నెత్తిన పెట్టడం ఏ న్యాయం?) గ్రాంటు అంకె పెరిగినట్టు కనిపించినా తరగతి గదికి చేరేది తగ్గుతుంది. ఈ లోటు పూడ్చుకోవటానికి విశ్వవిద్యాలయం ఏం చేస్తుంది? పరీక్ష ఫీజు పెంచుతుంది. అనుబంధ కాలేజీల నుంచి గుర్తింపు రుసుము వసూలు చేస్తుంది. దూరవిద్య నడుపుతుంది. మామూలు కోర్సుల పక్కనే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు తెరుస్తుంది. అదే గది, అదే బల్ల, అదే పంతులు, ఫీజు మాత్రం వేరు. ఆ ఫీజు కట్టలేనిది ఎవరో మళ్ళీ చెప్పాలా?

2006, 2008 సంవత్సరాల మధ్య ఉమ్మడి రాష్ట్రంలో జిల్లాకొక విశ్వవిద్యాలయం అన్నంత ఉత్సాహంగా పెట్టారు. నిజామాబాద్‌లో తెలంగాణ, నల్లగొండలో మహాత్మాగాంధీ, కరీంనగర్‌లో శాతవాహన, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, అటు కడప, రాజమండ్రి, నెల్లూరు, కర్నూలు, మచిలీపట్నం, శ్రీకాకుళం. ఆడపిల్లల దృష్టితో చూస్తే అది మంచి పనే. హైదరాబాదుకో విశాఖకో పంపని తండ్రి పక్క ఊరికి పంపుతాడు. కానీ పెట్టినంత తేలిగ్గా పోషించలేదు. అరకొర పోస్టులిచ్చి, అనుబంధ కాలేజీల పరీక్షల డబ్బుతో బతకమన్నారు. డిగ్రీలో చేరేవాళ్ళు తగ్గితే పరీక్ష ఫీజూ తగ్గుతుంది, చిన్న కాలేజీ మూతపడితే గుర్తింపు రుసుమూ పోతుంది. ఇలా ప్రవేశాలు పడిపోయిన ఏడాదే ఆదాయమూ పడిపోయి, ఆదాయం లేక అధ్యాపకులు లేక, వాళ్ళు లేరని పిల్లలు చేరక, గానుగెద్దులా అదే చుట్టు. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీలున్నాయి. 2022లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును శాసనసభ ఆమోదించింది, అది గవర్నరు దగ్గర ఆగిపోయింది. ఉపకులపతులను నియమించటానికే తీరిక దొరకలేదు. 2019 నుంచి 2021 దాకా, మళ్ళీ 2024లో మే నుంచి అక్టోబరు దాకా, చాలా విశ్వవిద్యాలయాలు ఇన్‌చార్జి ఐ.ఎ.ఎస్. అధికారుల చేతుల మీదుగా నడిచాయి. సచివాలయంలో పది ఫైళ్ళ మధ్య పదకొండో ఫైలుగా.

ఈ పోస్టుల ఖాళీ స్త్రీలకు ఇంకో రకంగా తగులుతుంది. దాని గురించి మన పత్రికల్లోనూ ఎక్కువ రాలేదు. ఖాళీలను నింపుతున్నది కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులతో. వాళ్ళలో ఆడవాళ్ళు పెద్దసంఖ్యలో ఉన్నారు. పి.హెచ్‌డి. చేసి, గంటకు ఇంత అని లెక్కగట్టిన డబ్బుతో పదేళ్ళు, పదిహేనేళ్ళు పాఠం చెప్పిన స్త్రీలు నాకు తెలుసు. ఎండాకాలం సెలవులొస్తే వాళ్ళకు పస్తే. కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనాలు పూర్తిగా ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు కవితా యాదవ్ కేసులో చెప్పింది. గంటల లెక్కన పనిచేసే మనిషి ఆ తీర్పు పట్టుకుని ఎవరి బల్ల ముందు నిలబడాలి?

ఇంకా లోతైన చిక్కు లైంగిక వేధింపుల ఫిర్యాదుల దగ్గర ఉంది. 2015 యు.జి.సి. నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ అంతర్గత కమిటీకి అధ్యక్షురాలు ప్రొఫెసర్ హోదాకు తగ్గని స్త్రీ అయివుండాలి. నియామకాలే లేని చిన్న విశ్వవిద్యాలయంలో మహిళా ప్రొఫెసర్ ఎక్కడినుంచి వస్తుంది? బయటి సంస్థ నుంచి తేవచ్చని వెసులుబాటు ఉంది గానీ, అలా పేరుకు తెచ్చిన మనిషి ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? మిగతా సభ్యులు వచ్చే ఏడాది కాంట్రాక్టు ఉంటుందో ఊడుతుందో తెలియనివాళ్ళు. శాఖాధిపతి మీద ఫిర్యాదు వస్తే వాళ్ళు నోరెత్తగలరా? మనం కమిటీ వేయమని ధర్నా చేస్తాం, కమిటీ వేశామని కాగితం చూపిస్తారు, ఇంటికొస్తాం. నియామకాల కోసం ధర్నా చేయకుండా ఆ కమిటీ పనిచేయదని మనకు ఆలస్యంగా తెలిసింది.

ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008 నుంచి ఈ పథకం వల్ల లక్షలమంది దళిత, ఆదివాసీ, వెనకబడిన కులాల, మైనారిటీల ఆడపిల్లలు కాలేజీ మెట్లెక్కారన్నది కాదనలేని నిజం. దేశం మొత్తం మీద 2021-22లో ఉన్నత విద్యలో స్త్రీల నమోదు నిష్పత్తి 28.5, పురుషులది 28.3. ఈ స్థాయికి రావటంలో ఇలాంటి ఉపకారవేతనాల పాత్ర ఉంది. కానీ ఆ డబ్బు ఎటు పోయిందో కూడా చూడాలి. ప్రభుత్వం తన విశ్వవిద్యాలయంలో గది కట్టి, పంతుల్ని పెట్టి చేయాల్సిన ఖర్చును ప్రైవేటు కాలేజీకి ఫీజుగా మళ్ళించింది. పోనీ అదైనా సమయానికి ఇస్తోందా? బకాయిలు పేరుకుపోయి 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. యాజమాన్యాలకు సంఘాలున్నాయి, బంద్ చేశాయి, ఎంతో కొంత రాబట్టుకున్నాయి. ఫీజు కడితేనే సర్టిఫికెట్ ఇస్తామని కాలేజీ గుమాస్తా అన్నప్పుడు ఆడపిల్ల ఏ బంద్ చేస్తుంది? మగపిల్లవాడైతే ఏదో పనికిపోయి కట్టి తెచ్చుకుంటాడు. ఆడపిల్ల సర్టిఫికెట్ కాలేజీ బీరువాలోనే ఉండిపోతుంది, ఈలోగా పెళ్ళి అవుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో విధంగా జరిగింది. 2020 డిసెంబరులో జి.ఓ. 77 తెచ్చి, ప్రైవేటు కాలేజీల్లో పి.జి. చదివేవారికి రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. ప్రైవేటుకు డబ్బు పోకూడదన్న వాదన వినటానికి మన మాటలాగే ఉంది. అయితే ఆ మిగిల్చిన డబ్బుతో విశ్వవిద్యాలయాల్లో ఆడపిల్లలకు హాస్టళ్ళు కట్టారా? కట్టకుండా ఇక్కడ ఆపేస్తే, సొంత పట్టణంలో ఎం.ఎస్‌సి. చదువుకునే పిల్ల ఇంట్లో కూర్చుంటుంది.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2018లో వచ్చింది. 2020లో మొదట అనుమతులు పొందినవాటిలో ఒకటి అన్నోజిగూడ పక్కనే ఉంది. ఈ చట్టంలో 25 శాతం సీట్లు తెలంగాణ వాళ్ళకన్నారే గానీ ఎస్.సి., ఎస్.టి., బి.సి. రిజర్వేషన్ ఊసే లేదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయం కుంగిపోవటం, రిజర్వేషన్ లేని విశ్వవిద్యాలయం పెరగటం ఒకే కాలంలో జరుగుతున్నాయి. ఊళ్ళ పక్క పొలాలు క్యాంపసులయ్యాయి. ఆ ఊళ్ళ ఆడవాళ్ళలో కొందరికి అక్కడ ఊడ్చే పని, వంట పని దొరికింది. వాళ్ళ కూతుళ్ళు ఆర్టీసీ బస్సులో ఉస్మానియాకు పోతున్నారు.

కోఠీ మహిళా కళాశాల కథ వేరే చెప్పుకోవాలి. 1924లో మొదలై, 1949 నుంచి పాత బ్రిటిష్ రెసిడెన్సీ ఆవరణలో ఎన్ని తరాల ఆడపిల్లలకు చదువు చెప్పిందో! తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. తెలంగాణకు అలాంటిది కావాలని ఎప్పటినుంచో అడిగితే 2022లో ఈ కళాశాలనే మహిళా విశ్వవిద్యాలయంగా ప్రకటించారు. ప్రకటించింది ఉత్తర్వుతో. చట్టంలో చోటు కల్పించటం ఆ తరువాత ఎంతకీ తెమల్లేదు. ఈ మధ్యలో చేరిన పిల్లలు తమ పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరు ఉంటుందో, అది చెల్లుతుందో లేదో తెలియక బెంగపడ్డారు. 2024లో దానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. పాలకుర్తిలో తన కౌలు పొలం మీద పంట కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌తో తలపడిన రజక స్త్రీ పేరు ఒక విశ్వవిద్యాలయానికి రావటం చిన్న విషయం కాదు. ఐలమ్మ దగ్గర నేర్చుకోవాల్సింది ఏమంటే, పేరుతో ఆమె తృప్తిపడలేదు, గింజలు ఇంటికి చేరేదాకా ఊరుకోలేదు. ఆ విశ్వవిద్యాలయానికి ఎన్ని శాశ్వత పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని నింపారు, ప్రకటించిన నిధుల్లో ఎంత విడుదలైంది అని అడగటం ఆమె పేరుకు మర్యాద.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కావటం ఈ రోడ్డు మీద ఆడపిల్లల చదువుకు మేలు చేసింది. పాసు డబ్బు గురించి ఇంట్లో జరిగే గొడవ పోయింది. కొందరు తల్లులు ‘బస్సు ఫ్రీయే గదా, పోనీ’ అన్నారు. కానీ ఉప్పల్ నుంచి నారపల్లి దాకా వంతెన పని 2018లో మొదలై ఏళ్ళతరబడి సాగితే, ఆ గుంతల్లో, దుమ్ములో పిల్లలు రోజూ ఎంతసేపు నలిగారో! సాయంత్రం ల్యాబు ఉన్న పిల్ల ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. ఆ ఆలస్యానికి సంజాయిషీ ఆమే చెప్పుకోవాలి. అందుకే హాస్టలు అంటున్నాం. రీసెర్చి చేసే పిల్లకు, జనగామ నుంచో అచ్చంపేట నుంచో వచ్చే పిల్లకు హాస్టలు గది ఉంటేనే విశ్వవిద్యాలయం ఉన్నట్టు. ఒక గదిలో ముగ్గురుండాల్సినచోట ఆరుగురు సర్దుకుని ఉండటాన్ని మన పిల్లల ఓర్పుగా మెచ్చుకోవద్దు. ఉపకారవేతనం రాక మెస్ బిల్లు కట్టలేకపోతే చివరికి ‘నో డ్యూస్’ కాగితం రాదు, అది లేకుండా టి.సి. రాదు.

2016లో తెలంగాణలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు 30 పెట్టినప్పుడు ఏం జరిగింది? చాలావాటికి అద్దె భవనాలే అయినా పిల్లలు వచ్చారు. ఉండటానికి చోటు, తినటానికి తిండి, కాపలా ఉన్న గేటు ఉంటే దళిత ఆడపిల్లలు డిగ్రీకి వస్తారని అది రుజువు చేసింది. గిరాకీ లేదన్న అధికారికి చూపించాల్సిన సాక్ష్యం అదే.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు స్వర్గాలని నేననటం లేదు. పరీక్షలు వాయిదా పడటం, ఫలితాలు ఆలస్యం కావటం, గైడు దయాదాక్షిణ్యాల మీద పి.హెచ్‌డి. నడవటం, కులం, వేధింపులు అన్నీ ఉన్నాయి. వాటి మీద పోరాడినవాళ్ళలో మనమూ ఉన్నాం. అయినా అక్కడ అడిగే చోటు ఉంది. రిజర్వేషన్ అడగొచ్చు, సమాచార హక్కు కింద లెక్క అడగొచ్చు, గేటు ముందు కూర్చోవచ్చు. ప్రైవేటు క్యాంపసు గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి పేరు రాసుకుని వెనక్కి పంపుతాడు.

డబ్బు లేదన్న మాటను కూడా లెక్కతోనే ఎదుర్కోవాలి. 2025-26 తెలంగాణ బడ్జెట్ మొత్తం 3,04,965 కోట్లు. అందులో విద్యకు 23,108 కోట్లు. అంటే ఏడున్నర శాతం చిల్లర. ఇప్పుడు అధికారంలో ఉన్న పార్టీ 2023 ఎన్నికల్లో 15 శాతం ఇస్తామంది. స్థూల ఉత్పత్తిలో 6 శాతం విద్యకు కావాలని 1966లో కొఠారీ కమిషన్ చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానం మళ్ళీ అదే చెప్పింది. అరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. 2025 డిసెంబరులో ముఖ్యమంత్రి ఉస్మానియాకు వచ్చి వెయ్యి కోట్లు ప్రకటించారు. భవనాలు వస్తాయి, రావాలి. ఆ వెయ్యి కోట్లలో ఆడపిల్లల హాస్టళ్ళకు ఎంత? పాలమూరుకు, శాతవాహనకు ఎంత?

ఈ ప్రశ్నలు విద్యార్థి సంఘాలు అడుగుతున్నాయి, అధ్యాపక సంఘాలు అడుగుతున్నాయి. స్త్రీల సంఘాలుగా మనం అడగలేదు. బాల్యవివాహం ఆపటానికి రాత్రికి రాత్రి పెళ్ళిపందిరి దగ్గరకు పరుగెత్తే మనం, ఆ పిల్ల మరుసటి ఏడాది చేరాల్సిన కాలేజీలో శాఖ మూతపడిందా, హాస్టల్లో గది ఉందా అని చూడటం లేదు. పందిరి దగ్గర ఆపిన పెళ్ళి ఆరునెలలు తిరక్కుండా వేరే ఊళ్ళో జరిగిపోవటం మనందరికీ అనుభవమే.

వచ్చే ఏడాది దోస్త్ సీట్ల కేటాయింపు మొదలయ్యేలోపు ప్రతి బస్తీలో, ప్రతి మండలంలో ఇంటర్ పాసై ఇంట్లో ఉండిపోయిన ఆడపిల్లల జాబితా తయారు చేద్దాం. ఏ గ్రూపు, ఎన్ని మార్కులు, చదువు ఎందుకు ఆగింది, ఫీజా, దూరమా, హాస్టలా, పెళ్ళా, సర్టిఫికెట్ ఎక్కడ ఆగింది, ఇంతే, ఒక్క పేజీ. పిల్ల ఒప్పుకుంటేనే పేరు రాయాలి. ఆ జిల్లా విశ్వవిద్యాలయాన్ని మంజూరైన పోస్టులు, నిండినవి, అందులో స్త్రీలు, మహిళా హాస్టల్లో గదులు, అంతర్గత కమిటీ సభ్యులు, గత మూడేళ్ళలో మంజూరైన, విడుదలైన నిధులు సమాచార హక్కు కింద అడుగుదాం. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి ఉన్నత విద్యామండలి ముందుకు వెళ్దాం. అన్నోజిగూడ, పోచారం, నారపల్లిలలో మొదటి పని మేము మొదలుపెట్టాం. ఆదివారాలు తల్లులు ఇంట్లో ఉంటారని ఆదివారాలు తిరుగుతున్నాం. ఫారం కావలసినవాళ్ళు సంఘం కార్యాలయానికి రాస్తే పంపుతాం.